ఈ నెల ఉత్తరాలు: బాలు మహేంద్ర గారి కెమెరా, మన గోదారి వెలుతురు

పోయిన నెల ఓ జవాబు చివర్న కెమెరామన్ల గురించి రెండు ముక్కలు రాశానండి. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. డైరెక్టర్లు, హీరోల గురించి అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు గానీ కెమెరా పట్టుకున్న మనిషి గురించి ఇంతమంది అడగడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. మద్రాసులో పదకొండేళ్ళు కెమెరా అసిస్టెంట్‌గా పనిచేసి తర్వాత అమలాపురం వచ్చేసి స్టూడియో పెట్టుకున్నవాణ్ణి, ఇలాంటి ఉత్తరం కోసం ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నా. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ నమస్కారమండి. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. శంకరాభరణం షూటింగ్ రఘుదేవపురంలో జరుగుతుంటే సైకిలేసుకుని వెళ్ళి చూశారంట. "కెమెరా ఆయన తమిళాయన, లైట్లే లేకుండా తీసేశాడు" అని ఇప్పటికీ చెప్తారు. అది నిజమేనా? ఆయనెవరు? కాస్త వివరంగా రాయండి. (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

అమ్మా, మీ నాన్నగారికి ముందు నా నమస్కారం చెప్పండి. ఆయన చూసింది బాలు మహేంద్ర గారిని. తమిళాయనే గానీ మద్రాసు మనిషి కాదు, శ్రీలంకలో బట్టికలోవా దగ్గర అమృతకళి అనే ఊళ్ళో 1939లో పుట్టారు. ఆ ప్రాంతం కూడా మన కోనసీమ లాంటిదే, ఓ పక్క సముద్రం, ఓ పక్క ఉప్పునీటి సరస్సు, వరిచేలు, కొబ్బరిచెట్లు. నీళ్ళ మీద పడి పైకి లేచే వెలుతురు, కొబ్బరాకుల సందుల్లోంచి జారే వెలుతురు చిన్నప్పట్నుంచీ చూసిన కళ్ళు ఆయనవి, అందుకే మన గోదారిని అంత సొంతమనిషిలా తీయగలిగారని నా నమ్మకం.

స్కూల్లో ఉన్నప్పుడు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్తే అక్కడ డేవిడ్ లీన్ అనే ఇంగ్లీషు డైరెక్టర్ ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్ సినిమా షూటింగ్ చేస్తున్నాడు, 1957లో రిలీజైన సినిమా అది. ఆ షూటింగ్ చూసిన పిల్లాడికి సినిమా తప్ప ఇంకోటి బుర్రకెక్కలేదు. సముద్రం దాటొచ్చి 1966లో పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1969లో సినిమాటోగ్రఫీ పూర్తిచేశారు. కోర్సు చివర్న ఆయన తీసిన డిప్లొమా సినిమా మలయాళం డైరెక్టర్ రాము కరియత్ గారికి నచ్చింది. ఈ కరియత్ గారు ఎవరనుకున్నారు, 1965లో చెమ్మీన్ తీసినాయన, ఆ చెమ్మీన్‌కి కెమెరా చేసింది మన మాయాబజార్‌లో వెన్నెల కురిపించిన మార్కస్ బార్ట్‌లీ గారు. అంత పెద్దాయన్తో పనిచేసిన డైరెక్టరు ఓ కొత్త కుర్రాణ్ణి పిలిచి సినిమా ఇచ్చారంటే ఆ డిప్లొమా సినిమాలో ఏం కనిపించిందో ఆలోచించండి. ఆ మొదటి సినిమా 1974లో వచ్చింది, పేరు నెల్లు. నెల్లు అంటే వడ్లు! మన డెల్టావాళ్ళకి ఆ పేరు వింటేనే ఓ ఆత్మీయత వచ్చేస్తుంది.

తర్వాత ఆయన కెమెరాతో ఆగలేదు. 1977లో కన్నడంలో కోకిల సినిమాకి తనే డైరెక్షన్, తనే కెమెరా. బ్లాక్ అండ్ వైట్ సినిమా, దానికి నేషనల్ అవార్డు వచ్చింది, కెమెరాకి. 1978లో తమిళంలో ముళ్ళుమ్ మలరుమ్‌కి, మన తెలుగులో బాపు గారి మనవూరి పాండవులుకి కెమెరా చేశారు. ఆ తర్వాత విశ్వనాథ్ గారి శంకరాభరణం, అది 1980 ఫిబ్రవరి 2న రిలీజైంది. 1982లో మూండ్రామ్ పిరై, కెమెరాకి ఇంకో నేషనల్ అవార్డు. మణిరత్నం గారి మొట్టమొదటి సినిమా, కన్నడంలో పల్లవి అనుపల్లవి, 1983ది, దానికి కెమెరా పట్టింది కూడా ఈయనే. భానుచందర్, అర్చనలతో తెలుగులో నిరీక్షణ తీశారు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు.

ఇప్పుడు మీ నాన్నగారి మాటకొస్తాను, లైట్లు లేకుండా తీశారా అని. బాలు మహేంద్ర గారు సహజ కాంతికి పేరుపడ్డవారు, అది నిజం. కానీ అమ్మా, ఆ రోజుల్లో కలర్ ఫిల్మ్ స్పీడు, అంటే వెలుతురుని పట్టుకునే శక్తి, 100 ఏఎస్ఏ. పగటిపూట బయట తీయాలంటే లెన్స్ మీద 85 ఫిల్టర్ పెట్టాలి, రంగులు నీలంగా పడకుండా ఆపే నారింజరంగు అద్దం అది, పెట్టాక మిగిలేది 64. ఎఫ్ నంబరు అంటే లెన్సు ఎంత తెరిచామన్న లెక్క, నంబరు తగ్గేకొద్దీ ఎక్కువ తెరిచినట్టు. ఆ లెక్కన ఎండలో ఎఫ్ 16 పెట్టే చోట కొబ్బరితోట నీడలోకి వచ్చేసరికి ఎఫ్ 4 అవుతుంది, పెంకుటింటి వసారా దాటి గదిలోకెళ్తే ఎఫ్ 2 పెట్టినా చాలదు. అంటే ఆ ఫిల్మ్‌తో ఇంటిలోపల, రాత్రిపూట సీన్లు లైటు లేకుండా తీయడం కుదరని పని. మరి మీ నాన్నగారికి ఎందుకలా అనిపించిందంటే, మామూలు షూటింగుల్లో హీరో చుట్టూ నాలుగు వైపుల నుంచీ లైట్లు పెట్టేసేవారు, జుట్టు వెనకాల ఓ లైటు, మొహానికి ఓ లైటు, గోడకి ఇంకోటి. అది చూసి అలవాటైన కళ్ళకి, కిటికీలోంచి వచ్చే వెలుతురుని గమనించి ఆ వెలుతురు ఎటు నుంచి వస్తుందో అటు నుంచే ఒక్క లైటు పెట్టి, దానికి బటర్ పేపర్ అడ్డం కట్టి మెత్తగా చేసి, మిగతా గదిని నీడకి వదిలేసే మనిషి పని లైట్లు లేనట్టే ఉంటుంది. ఆ పద్ధతిలో లైటు పెట్టడం కన్నా ఎక్కడ పెట్టకూడదో తెలుసుకోవడం కష్టం. నీడని నీడలా వదిలేయడానికి గుండె ధైర్యం కావాలండి, ఎందుకంటే కొంచెం తేడా వచ్చినా రష్ చూసేసరికి మొహం నల్లగా ఉంటుంది, ప్రొడ్యూసర్ కెమెరామన్ వైపే చూస్తాడు. రష్ అంటే తీసిన రీలు మద్రాసు ల్యాబ్‌కి వెళ్ళి కడిగి ప్రింటై వస్తే కనిపించేది, అప్పటిదాకా ఏం పడిందో కెమెరామన్ మనసులో తప్ప ఎక్కడా లేదు, ఇప్పట్లా పక్కన మానిటర్ ఉండదు కదా.

శంకరాభరణం ఇంకోసారి పెట్టుకుని ఈసారి కథ వదిలేసి శంకరశాస్త్రి గారి ఇంటిని మాత్రం చూడండి. ఆ ఇల్లు సినిమా ఇల్లులా తళతళలాడదు, పాత ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కెమెరా ఎక్కడా "నన్ను చూడు" అనదు. ఆ సినిమాకి నేషనల్ అవార్డు, జనం మెచ్చిన ఉత్తమ చిత్రంగా. పాటల గురించి, సోమయాజులు గారి గురించి నలభై ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, మాట్లాడుకోవాల్సిందే. కానీ ఆ సంగీతానికి అంత గంభీరత రావడానికి ఆ నీడలు కూడా కారణమని నేను గట్టిగా చెప్తాను.

చివరిదాకా పనిచేశారాయన. 1988లో వచ్చిన వీడు (తమిళంలో ఇల్లు అని) సినిమాకి తమిళంలో ఉత్తమ చిత్రం నేషనల్ అవార్డు, ఓ మధ్యతరగతి అమ్మాయి సొంతిల్లు కట్టుకోవడానికి పడే పాట్లు, అంతే కథ. తన సినిమాలకి ఎడిటింగ్ కూడా తనే చేసుకునేవారు. చెన్నైలో సినిమా పట్టరై అని స్కూలు పెట్టి పిల్లలకి నేర్పారు. బాలా, వెట్రిమారన్ ఆయన దగ్గర పనిచేసి పైకొచ్చినవాళ్ళే. ఆఖరి సినిమా తలైమురైగళ్ 2013లో, అందులో తాతగా తనే వేశారు. 2014 ఫిబ్రవరి 13న పోయారు.

మీ నాన్నగారు ఇంకేమైనా గుర్తు చేసుకుంటే, ఏ రేవులో, ఏ టైముకి, చేతిలో కెమెరానా స్టాండ్ మీద కెమెరానా, దయచేసి రాసి పంపండమ్మా. అవి చూసినవాళ్ళ జ్ఞాపకాల్లో తప్ప ఎక్కడా దొరకవు.

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గరండి. పక్కూరు పులిదిండిలో బాపు గారు సాక్షి తీశారని అందరూ చెప్తారు, కెమెరామన్ పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ముత్యాలముగ్గు కూడా ఆయనేనా?

కాదండి, వేరు వేరు. సాక్షి 1967ది, బాపు గారి మొదటి సినిమా, బ్లాక్ అండ్ వైట్. కెమెరా సెల్వరాజ్ గారు. స్టూడియోలో సెట్టు వేసి పల్లెటూరు చూపించే రోజుల్లో మీ పులిదిండికి కెమెరా మోసుకొచ్చి గోదారి గట్టున తీశారు, అది చిన్న తెగింపు కాదు. ముత్యాలముగ్గు 1975, దానికి ఇషాన్ ఆర్య గారు, ఆ ఏడాది కలర్ ఫొటోగ్రఫీకి నేషనల్ అవార్డు ఆయనకే. అంతకు ముందు ఆయన హిందీలో గరం హవా తీశారు, అడ్వర్టైజ్‌మెంట్ సినిమాల నుంచి వచ్చిన ఆయనకి ఫీచర్ సినిమాకి అదే మొదటిది. డబ్బుల్లేక సౌండ్ రికార్డింగ్ మిషన్ కూడా పెట్టుకోకుండా, తెలిసినవాళ్ళిచ్చిన ఒక్క ఆరిఫ్లెక్స్ కెమెరాతో తీసి మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చేశారు. అలా చేయి తిరిగిన మనిషి కాబట్టే ముత్యాలముగ్గులో ఆ తెల్లవారుజాములు అలా పడ్డాయి. తెలుగు రాని మనిషి తెలుగు వాకిలిని, ముగ్గుని మనకన్నా బాగా చూశారు, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ప్రశ్న: గురువుగారూ, ఏప్రిల్‌లో మామిడికుదురులో మా పెంకుటిల్లు షూటింగుకి అద్దెకిచ్చాం. పొద్దున్నే అయిదింటికి వచ్చి హడావిడి చేసేస్తారు, పదిన్నర అయ్యేసరికి అందరూ చెట్టుకింద కూర్చుంటారు, మళ్ళీ మూడున్నరకి లేస్తారు. ఎండ బాగానే ఉంది కదా, ఆ టైమంతా ఎందుకు వేస్ట్ చేస్తారు?

ఎండ బాగా ఉండటమే ఇబ్బందండి. మన అమలాపురం, రాజోలు ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడు, మే మొదటి వారం చివర్లో ఓసారి, ఆగస్టు మొదటి వారంలో ఓసారి. నిలబెట్టిన కర్రకి నీడే పడదు ఆ టైములో. అంటే ఏప్రిల్ నుంచే వెలుతురు నిట్టనిలువుగా పడుతూ ఉంటుంది. మనిషిని నిలబెట్టి చూడండి, కనుబొమ్మల కింద రెండు గుంటలు నల్లగా, ముక్కు కింద మీసంలా నీడ, నుదురు మాత్రం మెరిసిపోతా ఉంటుంది. ఎంత అందమైన మొహమైనా అలసిపోయినట్టు ఉంటుంది. పైన ఎండని మెత్తగా చేసే స్కిమ్మర్ గుడ్డ కట్టి, కింద నుంచి వెలుతురు మొహం మీదకి కొట్టేలా తెల్ల థర్మోకోల్ పెట్టి క్లోజప్ తీసుకోవచ్చు గానీ ఊరు కనిపించే పెద్ద షాటుకి ఆకాశమంత గుడ్డ ఎక్కడ కడతారు? పొద్దున, సాయంత్రం వెలుతురు పక్క నుంచి వస్తుంది కాబట్టి గోడకి గరుకు తెలుస్తుంది, పెంకు పెంకు విడిగా కనిపిస్తుంది. పొద్దు గుంకాక ఆకాశంలో వెలుతురు మిగిలుండే టైము మన దగ్గర పాతిక నిమిషాల లోపే. ఆ పాతిక నిమిషాల కోసం రోజంతా రిహార్సల్ చేసుకున్న యూనిట్లో నేను పనిచేశాను, నాలుగొందల అడుగుల మ్యాగజైన్, అంటే కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బా, ఒకటి నాలుగున్నర నిమిషాలకి అయిపోతుంది, చీకట్లో బ్లాక్ బ్యాగులో చేతులు పెట్టి ఇంకోటి లోడ్ చేస్తుంటే వేళ్ళు వణికేవి.

ఓ తప్పు కూడా చెప్తాను. మొదటి ఏడాది ఓ లంకలో షూటింగ్, లెన్సు మార్చేటప్పుడు 85 ఫిల్టర్ తీశాను, తిరిగి పెట్టలేదు. నాలుగు రోజుల తర్వాత రష్ వచ్చింది, ఆ సాయంత్రం అంతా నీలం మందు కలిపినట్టు పడింది. మా కెమెరామన్ గారు నన్ను ఒక్క మాటా అనలేదు, మర్నాడు పొద్దున్నే ఫిల్టర్ నా చేతిలో పెట్టి "నువ్వే పెట్టు" అన్నారు, అంతే. ఆ తర్వాత పదేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఇంకోటి, మీ ఊరికి ఏప్రిల్‌లో కన్నా డిసెంబరు, జనవరిలో రమ్మని చెప్పండి వాళ్ళకి. ధనుర్మాసంలో కాలవల మీద మంచు పట్టి ఉంటుంది, ఎండ ఏటవాలుగా రోజంతా వాడుకోవచ్చు. ఏప్రిల్, మే అంటే కాలవలు కట్టేసే టైము, నీళ్ళులేని కాలవని చూపించి కోనసీమ అంటే ఎలా? ఊడ్పులు కావాలంటే జూలై, కానీ అప్పటికి గోదారికి ఎర్రనీళ్ళు వచ్చేస్తాయి, వాన భయం కూడా. సార్వా పంట పండి పసుపెక్కేది నవంబరులో, అప్పటికి గోదారి మళ్ళీ తేటపడుతుంది, నన్నడిగితే అదే అన్నిటికన్నా మంచి నెల.

ప్రశ్న: అంకుల్, నేను పాలకొల్లులో డిగ్రీ ఫస్టియర్. నాకు సినిమాటోగ్రాఫర్ అవ్వాలని ఉంది. ఇంట్లో "ఆడపిల్లవి, ఆ బరువులు మొయ్యలేవు" అంటున్నారు. ఎలా వెళ్ళాలి? బాహుబలి కెమెరామన్ సెంథిల్ కుమార్ గారు ఎలా అయ్యారు?

తల్లీ, ముందు మీ ఇంట్లో ఒక పేరు చెప్పు, బి.ఆర్. విజయలక్ష్మి గారు. డైరెక్టర్ బి.ఆర్. పంతులు గారి అమ్మాయి. 1985లో చిన్నవీడు అనే తమిళ సినిమాకి కెమెరా చేశారు, ఆసియాలోనే తొలి మహిళా సినిమాటోగ్రాఫర్ అని ఆవిడకి పేరు. అప్పటి కెమెరాలు ఇప్పటివాటికన్నా బరువు. బరువు మోయడానికి యూనిట్లో మనుషులుంటారు, మోయలేనిది నిర్ణయం బరువు, అది మగపిల్లాడికైనా ఆడపిల్లకైనా ఒకటే.

డిగ్రీ మాత్రం మానకు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఎఫ్‌టీఐఐ అంటారే, 1960లో పెట్టింది, అందులో సినిమాటోగ్రఫీ మూడేళ్ళ కోర్సుకి డిగ్రీ ఉండాలి. కలకత్తాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండూ ప్రభుత్వానివే, ఎంట్రన్స్ ఉంటుంది. సెంథిల్ గారు సికింద్రాబాద్‌లో పుట్టి ఎఫ్‌టీఐఐలో చదివారు. 2003లో ఐతే అనే చిన్న బడ్జెట్ సినిమా చేశారు, తర్వాత సై, ఛత్రపతి, మగధీర, ఈగ, 2015లో బాహుబలి, 2022లో ఆర్ఆర్ఆర్. చిన్న సినిమాలో ఉన్నదాంతో చేయడం వచ్చాకే పెద్దది చేతికి వచ్చింది, వరస చూడు. ఇన్‌స్టిట్యూట్ దొరక్కపోతే అసిస్టెంట్‌గా చేరడం రెండో దారి, నేను వెళ్ళింది ఆ దారే. అందులో ఏళ్ళు పడతాయి, జీతం మొదట్లో చాలా తక్కువ, ఊరు కాని ఊళ్ళో ఉండాలి, అది దాచి చెప్పను నీకు.

ఈలోపు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో ఓ కిటికీ పక్కన మీ అమ్మమ్మనో నాన్నమ్మనో కూర్చోబెట్టు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకో ఫొటో తియ్యి, అదే కుర్చీ, అదే ఫోను, ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు వద్దు. పదమూడు ఫొటోలు వరసగా పెట్టి చూసుకో. ఏ గంటకి ఆవిడ మొహంలో ముడతలు కనిపించాయి, ఏ గంటకి కళ్ళలో మెరుపొచ్చింది, ఎదురింటి సున్నం గోడ మీద ఎండ పడినప్పుడు గది ఎలా మారింది, రాసుకో. నెలకోసారి చెయ్యి. ఆ ఫొటోలు నాకు పంపు, నేను చూసి జవాబు రాస్తాను, ఎన్నిసార్లైనా సరే.

ప్రశ్న: కుమారదేవం సినిమా చెట్టు పడిపోయింది కదా సార్, దాంట్లో అంత గొప్పేంటి, చెట్లు బోలెడున్నాయి కదా?

బాబూ, కొవ్వూరు దగ్గర గోదారి గట్టున ఉన్న ఆ నిద్రగన్నేరు నూట యాభై ఏళ్ళ చెట్టు. 2024 ఆగస్టులో పడిపోయిందని తెలిసిన రోజు నాకు అన్నం తినబుద్ధి కాలేదు. పాడిపంటల నుంచి ఎన్ని వందల సినిమాలకి నీడనిచ్చిందో. కెమెరావైపు నుంచి దాని గొప్ప చెప్తాను. గొడుగులా విప్పుకున్న కొమ్మల కింద కొబ్బరితోటలోలాగా మచ్చలు మచ్చలుగా ఎండ పడదు, మెత్తటి నీడ సమంగా పడుతుంది. వెనకాల గోదారి నీళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి కాబట్టి మనుషుల ఆకారం విడిగా తెలుస్తుంది. పక్కన నది, పైన గొడుగు, రిఫ్లెక్టర్ పెట్టుకోడానికి ఖాళీ జాగా, ఈ మూడూ ఒకచోట కుదిరిన చెట్టు నాకు ఇంకోటి కనిపించలేదు.

ప్రశ్న: వచ్చే నెల మా అన్నయ్య పెళ్ళి, మా కొబ్బరితోటలోనే. ఫోన్లో ఫొటోలు తీస్తే మొహాలు నల్లగా, లేకపోతే పచ్చగా వస్తున్నాయండి. ఏం చెయ్యాలి? (రావులపాలెం)

నల్లగా వస్తుందంటే వెనకాల చేను ఎండలో వెలుగుతోంది, మనిషి నీడలో ఉన్నాడు, ఫోను చేనుని చూసి లెక్క వేసుకుంటోంది. మనిషి మొహం మీద వేలు పెట్టి నొక్కండి, లేదా మనిషినే తిప్పి వెనకాల తోట వచ్చేలా నిలబెట్టండి. పచ్చగా వస్తుందంటే గడ్డి మీద, వరిచేను మీద పడ్డ ఎండ గెడ్డం కిందకి కొడుతోంది. దానికి ఓ ఉతికిన తెల్లపంచె తెచ్చి కెమెరాకి కనపడకుండా వాళ్ళ కాళ్ళ ముందు నేల మీద పరచండి, పచ్చ పోయి తెల్ల వెలుతురు పైకి లేస్తుంది, కళ్ళు కూడా మెరుస్తాయి. తలంబ్రాలు పగలే అయితే పందిరి మీద కొబ్బరాకు పల్చగా కాకుండా దట్టంగా కప్పమనండి, సందుల్లోంచి ఎండమచ్చలు పెళ్ళికూతురు మొహం మీద పడితే ఏ ఫోనూ ఏమీ చెయ్యలేదు. ఇంటిల్లిపాదీ గ్రూప్ ఫొటో మాత్రం నాలుగున్నర తర్వాత తీసుకోండి, భోజనాలు అయిపోయి అందరూ తీరిగ్గా ఉంటారు, ఎండ కూడా పక్కకి వాలి ఉంటుంది.